పాత పాలకుల తీర్మానాలు, నేటి కుళాయి నీరు: ఒక డెల్టా పట్టణపు పురపాలక సేవలపై సమీక్ష

గోదావరి డెల్టాలోని ఒక మధ్యస్థాయి పట్టణంలో పురపాలక సంఘం అందిస్తున్న సేవలపై, అక్కడ ఇంటి పన్ను కడుతూ చాలాకాలంగా నివసిస్తున్న మనిషిగా రాస్తున్న సమీక్ష ఇది. కుళాయి నీరు, మురుగు కాలువలు, మార్కెట్టు, ఇంటి ప్లాను అనుమతి, ధ్రువపత్రాలు అన్నీ ఇందులోకి వస్తాయి. అయితే అన్నింటికీ సమానంగా చోటు ఇవ్వడం లేదు. నీరూ మురుగూ సరిగా ఉన్న ఊరిలో మిగిలిన లోపాలను ఓర్చుకోవచ్చు. ఆ రెండూ చెడిన ఊరిలో మిగిలినవి ఎంత బాగున్నా సుఖం లేదు. పట్టణం పేరు మాత్రం రాయడం లేదు. ఇందులోని ఫిర్యాదులు నా ఇంటి అనుభవం నుంచి వచ్చినవి, వాటిలో చాలావాటికి ఇప్పుడు ఆ కుర్చీలలో కూర్చున్న ఉద్యోగులు బాధ్యులు కారు. ఈ రోజు కుళాయి తిప్పితే వచ్చే నీటి రంగునూ, ఒక గట్టి వానకు వీధిలో నిలిచే నీటి లోతునూ ఇరవై ముప్ఫై ఏళ్ల కిందటి కౌన్సిలు తీర్మానాలు నిర్ణయించాయని ఈ పట్టణాన్ని చూస్తూ వచ్చిన నాకు గట్టిగా అనిపిస్తుంది. అందుకే సేవను తూచేటప్పుడు దాన్ని అలా తయారుచేసిన పాత అధ్యక్షులనూ, కౌన్సిళ్లనూ కూడా తూస్తున్నాను.

ముందు నీటి సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కాలువల కింద క్రమంగా సుమారు 10 లక్షల ఎకరాలు సాగులోకి రాగా, డెల్టా పట్టణాల తాగునీరు కూడా ఆ కాలువల మీదనే ఆధారపడింది. రాజమహేంద్రవరం వంటి నది ఒడ్డు ఊరు నేరుగా గోదావరి నుంచి నీరు తోడుకోగలదు. కాలువల చివరి ఊళ్లకు ఆ వీలు లేదు. సముద్రం వైపు వెళ్లేకొద్దీ భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది కనుక బోరు వేసుకుని గట్టెక్కే దారి కూడా లేదు. దాళ్వా (శీతాకాలంలో వేసే రెండో వరి) పంట చేతికి వచ్చాక వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. అప్పటిలోగా మంచినీటి చెరువు నింపుకుని, తిరిగి సార్వాకు (వానాకాలపు వరికి) నీరు వదిలేదాకా పట్టణమంతా ఆ నిల్వతో కాలం గడపాలి. కాబట్టి ఇక్కడ నీటి సరఫరా బాగోగులన్నీ ఆ చెరువు దగ్గరే తేలిపోతాయి: అది ఎంత పెద్దది, కాలువకు ఎంత దగ్గర, అడుగున ఎంత పూడిక ఉంది, గట్టు మీద ఎవరు ఇళ్లు కట్టుకున్నారు అనే నాలుగు ప్రశ్నలకు జవాబు తెలిస్తే, ఆ ఊరి ఏప్రిల్, మే నెలలు ఎలా ఉంటాయో చూడకుండానే చెప్పవచ్చు.

మా పట్టణపు పాత చెరువును తవ్వించిన పాలకవర్గం గురించి పెద్దలు ఇప్పటికీ గౌరవంగా మాట్లాడతారు. అప్పటి జనాభాకు కావలసినదానికంటే ఎక్కువ విస్తీర్ణం సేకరించారని, ఇంత పెద్ద చెరువు ఎందుకని కౌన్సిల్లోనే కొందరు అభ్యంతరం చెప్పినా అధ్యక్షుడు వెనక్కి తగ్గలేదని చెబుతారు. కాలువ పక్కనే తూము పెట్టి, పల్లానికి చెరువు తవ్వినందువల్ల నీరు దానంతట అదే వచ్చి చేరుతుంది, తోడవలసిన పని లేదు. పట్టణం ఎన్నో రెట్లు పెరిగిన తరువాత కూడా మమ్మల్ని బతికిస్తున్నది ఆ చెరువే. రెండో చెరువు విషయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్రతి ఎన్నికల ముందూ దాని మాట వినిపించేది, గెలిచాక మరుగున పడేది. చివరికి ఒక పాలకవర్గం స్థలం కొన్నది, కానీ కాలువకు దూరంగా, మెరక మీద కొన్నది. దాన్ని నింపాలంటే ప్రతి ఏడాదీ మోటార్లు పెట్టి నీరు ఎత్తిపోయాలి. ఒక ఏడాది మోటారు కాలిపోతుంది, మరొక ఏడాది కరెంటు కోత వస్తుంది, కాలువ కట్టేసే తేదీ ముంచుకొస్తుంది, చెరువు సగానికి నిండి ఆగిపోతుంది. పల్లపు స్థలాలు అందుబాటులో ఉండగా మెరక స్థలం ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు కార్యాలయంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ స్థలం అమ్మినవారు అప్పటి నాయకులకు కావలసినవారు కావడం మాత్రం ఊరందరికీ తెలిసిన విషయం. అవినీతి అంటే చేతులు మారిన సొమ్ము ఎంత అని లెక్కవేస్తాం. నా దృష్టిలో అసలు నష్టం ఆ సొమ్ము కాదు. అప్పుడు చేతులు మారినది ఒక్కసారే. ఎత్తిపోతకు విద్యుత్తు బిల్లు ఏటేటా కడుతున్నాం, కొన్నవారు లేకపోయినా, అమ్మినవారు లేకపోయినా కడుతూనే ఉంటాం.

సరఫరా నాణ్యతకు వస్తే, పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అందాలన్నది కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజనీరింగు సంస్థ సూచించిన ప్రమాణం. శీతాకాలంలో మా వీధికి అది దాదాపుగా అందుతుంది. ఉదయం ఒక వేళకు, సాయంత్రం ఒక వేళకు నీరు వదులుతారు, ఒత్తిడి కూడా బాగానే ఉంటుంది. వేసవిలో సాయంత్రపు నీరు ఆగిపోతుంది, ఉదయపు నీటి రంగు మారుతుంది. భారత ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దీన్ని పరీక్షించే చిన్న పెట్టె అతి తక్కువ ధరకే దొరుకుతుంది, ఇంట్లోనే చూసుకోవచ్చు. ట్యాంకు దగ్గరి వీధుల్లో పరీక్షలో క్లోరిన్ రంగు బాగానే తేలుతుంది, చివరి వీధుల్లో చాలాసార్లు ఏమీ తేలదు. మధ్యలో పైపులు మురుగు కాలువ గుండా పోతున్న చోట్లు ఉన్నాయి, నీరు ఆగిన వేళల్లో పైపు లోపల ఒత్తిడి లేక చుట్టూ ఉన్న మురికి లోపలికి ఊరుతుంది. ఈ పైపులు ఏ పాలకవర్గం హయాంలో వేశారో, లోతు ఎంత చూపించి ఎంత వేశారో తవ్వకాలు జరిగినప్పుడల్లా బయటపడుతూనే ఉంటుంది. ఇందువల్ల కుళాయి ఉన్న ఇంట్లో కూడా తాగడానికి టిన్ను నీళ్లు కొంటున్నారు. పన్ను కట్టి, మళ్లీ నీళ్లు కొనడం మా పట్టణంలో ఎంత మామూలైపోయిందంటే దాన్ని ఫిర్యాదుగా కూడా ఎవరూ చెప్పడం లేదు. కూలి పని చేసుకునే ఇంటికి ఆ టిన్ను ఖర్చు చిన్నది కాదు.

నీటి విషయంలో నిర్లక్ష్యం ఎంత దూరం వెళ్లగలదో ఏలూరు చూసింది. 2020 డిసెంబరులో ఆ నగరంలో ఉన్నట్టుండి మూర్ఛలతో, కళ్లు తిరిగి పడిపోయి ఆరు వందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఒక పరీక్ష, పురుగుమందుల అవశేషాలు కారణమని మరొక పరీక్ష చెప్పాయి. కృష్ణా నీరూ గోదావరి నీరూ రెండూ చేరే ఊరు అది. పొలాల మందులూ, చేపల చెరువుల నీరూ, ఊళ్ల మురుగూ అన్నీ కలిసే కాలువల చివర మనం తాగునీరు పట్టుకుంటున్నామన్న విషయం ఆ వారం రోజులు రాష్ట్రమంతా మాట్లాడింది. కాలువకు పైన ఉన్న పంచాయతీతో, నీటిపారుదల శాఖతో, చెరువుల యజమానులతో మాట్లాడి ఒప్పించగల అధికారం, పరపతి ఉన్న పట్టణ నాయకుడు ఉంటేనే ఈ పరిస్థితి మారుతుంది. తమకే చేపల చెరువులు ఉన్న నాయకులు ఆ పని చేస్తారని ఆశించడం కష్టం.

ఇక్కడ కొంత వెనక్కి వెళ్లాలి. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు పురపాలక సంఘాలు మూడూ 1866లోనే ఏర్పడ్డాయి. అంటే ఈ డెల్టాకు పట్టణ పాలనలో ఒకటిన్నర శతాబ్దానికి మించిన అనుభవం ఉంది, దానితోపాటు పట్టణ పాలనలోని అవినీతిని ఎదిరించిన అనుభవం కూడా ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో ప్రారంభించిన వివేకవర్ధని పత్రిక వితంతు వివాహాల గురించి ఎంత రాసిందో, లంచగొండి అధికారుల గురించి, న్యాయస్థానాల చుట్టూ సాగే అక్రమాల గురించి అంతే ధైర్యంగా రాసింది. పేర్లు బయటపడి, పదవులు పోయిన సందర్భాలు ఉన్నాయి. ఆయన 1890లో నిర్మించిన పురమందిరం ఊరివాళ్లు ఒకచోట కూడి ఊరి సంగతులు మాట్లాడుకోవడానికే. పురపాలక అధ్యక్ష పదవికి ఆ రోజుల్లో ఉన్న విలువ ఎలాంటిదంటే, న్యాపతి సుబ్బారావు పంతులుగారి వంటి జాతీయ నాయకుడు ఆ బాధ్యత చేపట్టారు. తరువాత మద్రాసు రాష్ట్రానికీ ఆంధ్ర రాష్ట్రానికీ ముఖ్యమంత్రి అయిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు, రాజమహేంద్రవరంలో యువ న్యాయవాదిగా ఉన్న రోజుల్లో ఆ పదవికి పోటీపడి గెలిచారు. ఆ కాలాన్ని నేను స్వర్ణయుగమని చెప్పడం లేదు. ఓటు హక్కు ఆస్తి ఉన్న కొద్దిమందిదే, దళితవాడలకు కుళాయి రావడానికి చాలా దశాబ్దాలు పట్టింది. అయినా పురపాలక పదవిని పెద్ద పదవికి మెట్టుగా మాత్రమే చూడకుండా, ఊరి నీరూ దీపమూ దారీ చూసే పనిగా చూసినవాళ్లు ఈ నేల మీదే ఉన్నారన్నది గుర్తుంచుకోవలసిన విషయం.

ఇప్పుడు మురుగు కాలువలు. నా సమీక్షలో అతి తక్కువ మార్కులు వీటికే, కారణాలు కూడా వివరంగా చెప్పాలి. డెల్టా నేల పళ్లెంలా చదునుగా ఉంటుంది, నీరు పారడానికి దొరికే వాలు చాలా స్వల్పం. అందువల్ల ఒక కల్వర్టును జానెడు ఎత్తున కట్టినా, ఒక మలుపులో కాలువ వెడల్పు రెండడుగులు తగ్గినా, దానికి పైన ఉన్న వీధులన్నీ మునుగుతాయి. పూర్వం ఊరి నీరు పుంతల (ఊరి బండి దారుల) గుండా, బోదెల (చిన్న పిల్లకాలువల) గుండా పెద్ద డ్రెయిన్లకు చేరేది. ఆ పుంతలను ఒక్కొక్కటిగా మింగేశారు. ముందు కిళ్లీ కొట్టు, తరువాత రేకుల షెడ్డు, తరువాత పక్కా గోడ, ఆ తరువాత ఇంటి పన్ను రశీదు, దాని ఆధారంతో కరెంటు మీటరు. ఇన్ని దశల్లో ప్రతి దశలోనూ ఎవరో ఒక ఉద్యోగి సంతకం ఉంటుంది, ఆ సంతకం వెనుక ఎవరో ఒక కౌన్సిలరు ఫోను ఉంటుంది. కొన్నిచోట్ల ఆక్రమణదారు పురపాలక సంఘమే. ఆదాయం కోసమని ఒక పాలకవర్గం ప్రధాన మురుగు కాలువ మీదనే శ్లాబు వేసి దుకాణ గదులు కట్టించింది. ఆ గదుల కింద పూడిక తీయడానికి మనిషి దూరలేడు, యంత్రం దూరదు. దాని ఫలితంగా బజారు వెనుక వీధులు ప్రతి తుపానుకూ మోకాలి లోతు నీటిలో ఉంటాయి.

అనుమతి లేని కట్టడాలను జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరించే పథకాలు 2007 చివర్లో ఒకసారి, 2015లో ఒకసారి, 2019లో మరొకసారి వచ్చాయి. అప్పు చేసి ఒక అంతస్తు ఎక్కువ వేసుకున్న చిన్న ఇంటి యజమానికి అవి ఊరట ఇచ్చాయి, అందులో నాకు అభ్యంతరం లేదు. కాలువలు, చెరువులు, ప్రభుత్వ స్థలాల మీది కట్టడాలకు ఆ పథకాలు వర్తించవని నిబంధనలు చెప్పాయి. కానీ కాలువ అంచును కొలిచి గుర్తించిన పటమే చాలాచోట్ల లేనప్పుడు, ఏది కాలువ మీద ఉన్నదో ఏది పక్కన ఉన్నదో తేల్చేది సర్వేయరు చేతిలోని టేపు మాత్రమే. అదీగాక, కొన్నేళ్లకొకసారి మాఫీ వస్తుందని తెలిసిన ఊరిలో నిబంధన ప్రకారం ఖాళీ వదిలి కట్టుకున్నవాడు నష్టపోయినట్టే. లేఅవుట్లలో ఉమ్మడి అవసరాలకు వదలవలసిన పదిశాతం స్థలాల చరిత్ర కూడా ఇలాంటిదే. కాగితం మీద పార్కుగా ఉన్న చోటు నేల మీద ఒక కల్యాణ మండపంగానో, ఒక సంఘ భవనంగానో కనిపిస్తుంది. అలాంటి చోట్లలోనే వాన నీరు నిలిచి భూమిలోకి ఇంకేది.

పూడికతీత గురించి విడిగా చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. పట్టణ పనుల్లో కొలవడానికి వీలైనవీ, వీలుకానివీ ఉంటాయి. రోడ్డు వేస్తే మందం కోసి చూడవచ్చు, భవనం కడితే గోడ తట్టి చూడవచ్చు. కాలువలో పూడిక ఎన్ని ఘనపు మీటర్లు తీశారో ఒక పెద్ద వాన పడిన మర్నాడు ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ పని ఎప్పుడూ జూన్ నెల ముంగిట మొదలవుతుంది, కొలతల పుస్తకంలో అంకెలు నిండుతాయి, వాన వస్తుంది, బిల్లు వస్తుంది. మా వీధి చివర గట్టున తీసిపోసిన మట్టి ఎత్తకపోవడంతో తిరిగి కాలువలోకే జారిపోవడం చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఒక అధ్యక్షుడి హయాంలో మాత్రం ఫిబ్రవరిలోనే, నీరు తగ్గి అడుగు కనబడే వేళకే పని చేయించి, తీసిన మట్టిని బళ్లకెత్తించి పల్లపు స్కూలు ఆవరణ మెరక చేయించారు. మట్టి ఎంత వచ్చిందో ఊరందరి కళ్ల ముందే ఉంది. ఆ ఏడాది వానలకు మా వీధి మునగలేదు. ఆయన తరువాతి ఎన్నికల్లో మళ్లీ రాలేదు. ఆ పద్ధతి కూడా ఆయనతోనే పోయింది. పనిని మనిషి మంచితనానికి వదిలేసి, పద్ధతిగా రాసిపెట్టకపోవడం ఆయన పాలనలోని లోపమని నేను భావిస్తాను.

అధ్యక్షులు ఎలా ఎన్నికవుతారన్నది సేవ నాణ్యతతో నేరుగా ముడిపడిన విషయం. 1987 నుంచి కొంతకాలం మన రాష్ట్రంలో పురపాలక అధ్యక్షులను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. 2005 నుంచి కౌన్సిలర్లు, కార్పొరేటర్లు కలిసి ఎన్నుకుంటున్నారు. అప్పటి నుంచి క్యాంపు రాజకీయాలు పట్టణ జీవితంలో భాగమయ్యాయి. గెలిచినవాళ్లను బస్సెక్కించి ఎక్కడికో తీసుకెళ్లి, ఎన్నిక రోజున నేరుగా కౌన్సిలు హాలుకు తెస్తారు. ఆ ఖర్చు పెట్టినవారు దాన్ని తిరిగి రాబట్టుకోకుండా ఉంటారా అన్న సందేహం ఓటరుకు కలగడం సహజం. పనుల్లో శాతాలు అడగడం కొత్తగా పుట్టినది కాదు, కానీ అధ్యక్షుడు ప్రజలకంటే కౌన్సిలర్లకు ఎక్కువ రుణపడినప్పుడు ఆ శాతాలు వార్డుల వారీగా పంపకమవుతాయి, పెద్ద పనికి బదులు చిన్న చిన్న ముక్కల పనులు పెరుగుతాయి. ఊరికంతటికీ ఉపయోగపడే ఒక పెద్ద మురుగు కాలువకు మారుగా ప్రతి వార్డులోనూ అటూ ఇటూ కలవని సిమెంటు కాలువ ముక్కలు కనిపించడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

పెద్ద నగరాలు కూడా దీనికి మినహాయింపు కావు. కాకినాడలో పాలకవర్గం లేకుండానే ఏళ్లు గడిచాక 2017 ఆగస్టులో ఎన్నికలు జరిగాయి. మేయరుగా ఎన్నికైన సుంకర పావనిగారు 2021లో అవిశ్వాస తీర్మానంతో పదవి కోల్పోయారు, మరుసటి ఏడాది పాలకవర్గం గడువే ముగిసింది. 2016 జనవరిలో దేశంలో తొలి విడతగా ఎంపికైన 20 స్మార్ట్ నగరాల్లో కాకినాడ ఒకటి. అంత పెద్ద పథకం నడిచిన కాలంలో చాలా భాగం నగరానికి స్థిరమైన పాలకవర్గం లేకపోవడం ఆ నగర భాగ్యాన్ని ఎంత ప్రభావితం చేసి ఉంటుందో ఆలోచించవలసిందే. రాజమహేంద్రవరంలో 2014లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2019లో తీరింది, ఆ తరువాత పొరుగు గ్రామాల విలీనం, దాని చుట్టూ వివాదాల మధ్య ప్రత్యేకాధికారుల (ఎన్నికైన కౌన్సిలు లేనప్పుడు ప్రభుత్వం నియమించే అధికారుల) పాలన ఏళ్ల తరబడి సాగింది. ఆ నగరానికి పన్నెండేళ్లకొకసారి వచ్చే పుష్కరాలు పెద్ద పండుగే కాదు, పెద్ద బడ్జెట్టు కూడా. 1991, 2003, 2015 పుష్కరాలకు వేసిన రోడ్లూ, కట్టిన ఘాట్లూ నగర రూపాన్నే మార్చాయి. తరువాతివి 2027లో రానున్నాయి. ప్రత్యేకాధికారులు నిజాయితీపరులు కారని నేను అనడం లేదు, కొందరు ఎన్నికైనవారికంటే బాగా పనిచేశారు. అయితే అధికారి బదిలీ మీద వెళ్లిపోతారు. రాత్రి పది గంటలకు నీరు రాకపోతే తలుపు తట్టడానికి మన వీధిలోనే కాపురముండే మనిషి కావాలి. పాలకవర్గపు అయిదేళ్ల గడువు ముగిసేలోగానే ఎన్నికలు జరగాలని రాజ్యాంగపు 74వ సవరణ చెప్పినది అందుకే.

మార్కెట్టు గురించి క్లుప్తంగా చెబుతాను. పురపాలక దుకాణాల లీజు మూడేళ్లకొకసారి మూడోవంతు అద్దె పెంచి పొడిగించాలని, 25 ఏళ్లు దాటితే బహిరంగ వేలం వేయాలని నిబంధన. మా పట్టణంలో పాత లీజుదారులు గదులను పై అద్దెకు ఇచ్చుకుని, పురపాలక సంఘానికి కట్టేదానికి ఎన్నో రెట్లు వసూలు చేసుకుంటున్నారు. సంతలో ఆశీలు (అమ్మకందారుల నుంచి రుసుము వసూలు చేసే హక్కు) పాట పాడేవాళ్లు ముందే మాట్లాడుకుని వస్తారు కనుక పాట పెరగదు. కూరగాయల గంప పెట్టుకున్న ముసలమ్మ దగ్గర మాత్రం రశీదు మీద ఉన్నదానికంటే ఎక్కువ తీసుకుంటారు. ఈ రాబడి సక్రమంగా వస్తే ఇంటి పన్ను ఇంతగా పెంచవలసిన అవసరం ఉండదు. 2021 ఏప్రిల్ నుంచి అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు, ఏడాదికి 15 శాతానికి మించి పెరగకుండా పరిమితి పెట్టారు. ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఉంటుంది, అది వాడుకోండి.

జనన, మరణ ధ్రువపత్రాల విషయంలో మాత్రం సంతోషంగా మంచి మార్కులు వేస్తున్నాను. వార్డు సచివాలయాలు వచ్చినప్పటి నుంచి పనులు దగ్గరలోనే అవుతున్నాయి, మధ్యవర్తి అవసరం చాలావరకు పోయింది. మాకు పని చేసిపెట్టిన సచివాలయపు అమ్మాయి మర్యాదగా, ఓపికగా మాట్లాడింది. ఇంటి ప్లాను అనుమతి కూడా ఆన్‌లైన్‌లోనే వస్తోంది, కానీ తనిఖీకి వచ్చే దశలో పాత అలవాట్లు పూర్తిగా పోలేదు. అన్ని కొలతలూ నిబంధన ప్రకారం ఉంటే ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు. కొంచెం ఆలస్యమైనా అనుమతి వస్తుంది, మాకు అలాగే వచ్చింది. చెత్త సేకరణ బాగానే ఉంది. 2021లో మొదలుపెట్టిన చెత్త రుసుము 2024లో ఎత్తేశారు, బండి మాత్రం ఇంకా వస్తోంది. తడి చెత్త, పొడి చెత్త ఇంట్లో వేరుచేసి ఇచ్చినా బండిలో కలిసిపోతున్నాయి.

ఈ పట్టణానికి కొత్తగా వచ్చేవారికి, ముఖ్యంగా ఇల్లు కొనబోయేవారికి కొన్ని సూచనలు. ఇల్లు వేసవిలో ఒకసారి, పెద్ద వాన పడిన మర్నాడు ఒకసారి చూడండి. గోడల మీద పాత నీటి చారలు ఎంత ఎత్తున ఉన్నాయో గమనించండి, పక్కింటివారిని మర్యాదగా అడిగితే ఏ ఏడాది ఎంత నీరు వచ్చిందో చెబుతారు. గ్రామ పటంలో ఆ చోటు పుంతా, బోదా, చెరువు పోరంబోకా అన్నది సర్వే కార్యాలయంలో చూసుకోండి. పురపాలక సంఘం వార్షిక బడ్జెట్టు, కౌన్సిలు తీర్మానాలు, స్థానిక నిధుల ఆడిట్ అభ్యంతరాలు, పూడికతీత కొలతల పుస్తకం నకళ్లు సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల దరఖాస్తుతో అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆడిట్ అభ్యంతరాలు తప్పక అడగండి. ఏ పనికి ఎక్కువ చెల్లించారో, ఏ లీజు బకాయి వదిలేశారో వాటిలో పనుల వారీగా రాసి ఉంటుంది, అవి చదివాక ఏ వీధి ఎందుకు మునుగుతోందో అర్థమవుతుంది.

అయిదు మార్కులకు ధ్రువపత్రాలకు నాలుగు, చెత్త సేకరణకు మూడు, ప్లాను అనుమతికి మూడు, శీతాకాలపు నీటికి మూడున్నర, వేసవి నీటికి ఒకటిన్నర, మార్కెట్టుకు ఒకటి, మురుగు కాలువలకు ఒకటి వేస్తున్నాను. మెరక చెరువుకు కాలువ నుంచి నేరుగా పెద్ద పైపు వేసే ప్రతిపాదన ఇప్పుడు కార్యాలయంలో ఉంది. దాని అంచనాలు, టెండరు పత్రాలు బయటపెట్టి, బజారు మురుగు కాలువ మీది గదులను పాత లీజులు ముగిసినకొద్దీ తొలగిస్తామని కౌన్సిలు తీర్మానం చేస్తే, నీటికీ మురుగుకూ మార్కులు వెంటనే పెంచుతాను. అప్పటిదాకా మే నెలలో ఈ పట్టణానికి వచ్చే బంధువులు తాగడానికి టిన్ను నీళ్లకు ముందుగానే చెప్పుకోవడం మంచిది.